డ్రాగన్ ఫ్రూట్ ఎడారి మొక్క కాదు

డ్రాగన్ ఫ్రూట్ గురించి మన పల్లెల్లో ఒక మాట పాతుకుపోయింది. ఇది జెముడు జాతి, ఎడారి మొక్క. నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, ఎండకు వెరవదు, తెగుళ్ళు అంటవు, ఒకసారి నాటితే ఇరవై ఏళ్ళు కాస్తూనే ఉంటుంది. మొక్కలమ్మే నర్సరీల మాట ఇదే. వీడియోల్లో లక్షల లెక్కలు చెప్పేవాళ్ళ మాట ఇదే. సదస్సుల్లో వేదిక మీది నుంచి వినపడే మాటా చాలాసార్లు ఇదే. బోర్లు ఎండిపోయిన అనంతపురం రైతుకూ, పత్తితో విసిగిపోయిన తెలంగాణ రైతుకూ కరువుకు విరుగుడు దొరికిందన్నట్టు దీన్ని చూపిస్తున్నారు.

ఈ మాటకు రెండో కొస కూడా ఉంది. ఎండు నేలలో సిమెంటు స్తంభానికి కట్టి పెంచే మొక్క పొలం దాటి ఎక్కడికి పోతుంది, అడవికి దానివల్ల భయమేముంది అన్న ధీమా అది. పైకి చూస్తే ఒకటి వ్యవసాయం సంగతి, ఇంకొకటి పర్యావరణం సంగతి. రెంటికీ వేరు ఒకటే: ఈ మొక్కను ఎడారి మొక్క అనుకోవడం. అది తప్పు. డ్రాగన్ ఫ్రూట్ అడవి మొక్క, చెట్టునెక్కి బతికే తీగ. ఆ తప్పు వల్ల రైతు ఇవాళ డబ్బు పోగొట్టుకుంటున్నాడు. దాన్ని ఇలాగే సాగనిస్తే రేపు నష్టం మన వాగులకూ తోపులకూ కొండలకూ పాకుతుంది.

ముందు మొక్క సంగతి చూద్దాం. తెల్ల గుజ్జు డ్రాగన్ ఫ్రూట్‌ను ఇప్పుడు శాస్త్రజ్ఞులు సెలెనిసీరియస్ ఉండాటస్ అంటున్నారు. పాత పుస్తకాల్లో హైలోసీరియస్ ఉండాటస్ అని ఉంటుంది. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, ఆ చుట్టుపక్కల మధ్య అమెరికా అడవులు దాని పుట్టిల్లు. అవి కొన్ని నెలలు వాన, కొన్ని నెలలు పొడి ఉండే అడవులు. అక్కడ ఈ మొక్క మోడుల మీద, రాళ్ళ మీద, పెద్ద చెట్ల కాండాల మీద పాకుతుంది. మూడు పలకల కాండం పొడవునా గాలివేర్లు పుట్టి బెరడును కరచుకుంటాయి. కొమ్మల సందుల్లో పేరుకున్న ఆకుల మట్టి నుంచి ఆహారం తీసుకుంటుంది. పైన ఉన్న ఆకుల గొడుగు దానికి నీడ. పూలు రాత్రిపూట విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతాయి. గబ్బిలాలూ పెద్ద చిమ్మటలూ వాటికి పుప్పొడి మోస్తాయి. ఇసుక తిన్నెలతో దీనికి ఏ సంబంధమూ లేదు. జెముడు కుటుంబంలో 1900కు పైగా జాతులున్నాయి. అన్నీ ఎడారివే అనుకోవడం ఆ కుటుంబాన్ని ఎరగకపోవడమే.

నీళ్ళ పొదుపు మాట మాత్రం నిజం. చాలా మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ వంకన నీటినీ పోగొట్టుకుంటాయి. ఇది రాత్రి చల్లదనంలో కాండం మీది రంధ్రాలు తెరిచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని దాన్ని వాడుకుంటుంది. అందుకే తక్కువ నీటితో నెగ్గుకొస్తుంది. అయితే తక్కువ నీటితో బతకడం వేరు, నీళ్ళు లేకుండా కాయడం వేరు. దీని వేర్లు పైపైనే, నేలలో జానెడు మూరెడు లోతులోనే పరుచుకుంటాయి. ఆ పై మట్టి ఆరిపోతే మొక్క చావదు, కానీ మొగ్గ రాల్చేస్తుంది, కాయ చిన్నదవుతుంది. కాండంలో నీరు దాచుకుని ప్రాణం నిలుపుకునే మొక్కను చూసి, అదే నీటితో టన్నులకొద్దీ పండు కూడా ఇస్తుందని రైతుకు చెప్పడం మోసం. తెలిసి చెప్పినా మోసమే, తెలియక చెప్పినా ఫలితం మోసమే.

ఎండ సంగతి ఇంకా తీవ్రం. ఈ మొక్క మీద జరిగిన ప్రయోగాల్లో పగలు 30 డిగ్రీలు, రాత్రి 20 డిగ్రీల దగ్గర అది బాగా గాలి పీల్చి ఆహారం తయారుచేసుకుంటుందని తేలింది. పగలు 40 దాటి, రాత్రి కూడా 30కి తగ్గకపోతే ఆ పని దాదాపు ఆగిపోతుంది. 45కి చేరితే కాండం కణాలు చావడం మొదలవుతుంది. ఇప్పుడు మన ఏప్రిల్, మే నెలల్ని గుర్తు తెచ్చుకోండి. రాయలసీమలో, ఉత్తర తెలంగాణలో వేసవి ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే మే నెలలో తోటలు పసుపుపచ్చగా మారతాయి. పడమటి ఎండ తగిలే వైపు కాండం తెల్లబారి, తర్వాత గోధుమరంగు మచ్చపడి, తొలకరి చినుకు పడగానే ఆ మచ్చ దగ్గరే కుళ్ళుతుంది. రైతు దాన్ని తెగులనుకుని మందు కొడతాడు. అది తెగులుగా మారింది తర్వాత. మొదలు మాత్రం ఎండదెబ్బే.

ఎడారి మొక్క అనేవాళ్ళకు అన్నిటికంటే గట్టి జవాబు అసలైన ఎడారిలోనే ఉంది. ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారిలో ఈ పంటను 1980ల నుంచి బెన్ గురియన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోసెఫ్ మిజ్రాహీ బృందం పరీక్షించింది. వాళ్ళు బయట ఎండలో వదిలేయలేదు. చోటును బట్టి 30 నుంచి 60 శాతం దాకా నీడనిచ్చే వలల కింద, డ్రిప్పుతో, నీళ్ళల్లో కలిపిన ఎరువుతో పెంచారు. అక్కడ దీని పుప్పొడి మోసే జీవులు లేవు కాబట్టి చేత్తో పరపరాగ సంపర్కం చేశారు. ఎడారిలో ఉన్నవాళ్ళే దీన్ని వల కింద దాచి పెంచితే, మనం మాత్రం ఎడారి మొక్క అని చెప్పి ఎర్రటెండలో సిమెంటు స్తంభాల మీద ఎక్కిస్తున్నాం.

తెగుళ్ళు అంటవన్న మాటకూ ఆధారం లేదు. నియోసైటాలిడియం అనే శిలీంధ్రం కాండం మీద, కాయ మీద గోధుమరంగు పుండ్లు పుట్టిస్తుంది. వియత్నాంలో తోటలకు తోటలు దాని బారిన పడ్డాయి. నీరు నిలిచే నల్లరేగడిలో వేరుకుళ్ళు వస్తుంది. ఇరవై ఏళ్ళు కాస్తుందన్న లెక్కలో ఈ నష్టాలేవీ ఉండవు. ధర పడిపోవడం అసలే ఉండదు. వియత్నాంలోని బిన్ థువాన్ రాష్ట్రంలో ఒక దశలో ముప్పై వేల హెక్టార్లకు పైగా ఈ తోటలుండేవి. పంటలో అత్యధిక భాగం చైనాకే వెళ్ళేది. చైనా తానే గ్వాంగ్‌సీ, గ్వాంగ్‌డాంగ్‌లలో విరివిగా పండించడం మొదలుపెట్టింది. దానికి తోడు 2021 చివర్లో, 2022 మొదట్లో కోవిడ్ పేరుతో సరిహద్దులు మూసేసింది. పండు కొనేవాడు లేక రైతులు తోటలు పీకేశారు. మన దేశంలో 2022 నాటికి సుమారు 3 వేల హెక్టార్లలో ఉన్న పంటను ఐదేళ్ళలో 50 వేల హెక్టార్లకు పెంచాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర ఈ మొక్క వానకాలంలోనే పూసి కాస్తుంది. అందరి పండూ దాదాపు ఒకే నెలల్లో మార్కెట్‌కు వస్తుంది. అప్పుడు ధర ఏమవుతుందో టమాటా పండించే మదనపల్లె రైతును అడిగితే చెబుతాడు. స్తంభాలు, రింగులు, డ్రిప్పు, మొక్కలు కలిపి ఎకరాకు లక్షల్లో అప్పుచేసినవాడికి టమాటా రైతులాగా వచ్చే కారుకు పంట మార్చుకునే వీలు కూడా లేదు.

ఇక రెండో కొస దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇదే, ఎందుకంటే దీని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళే కనపడరు.

జెముడు కుటుంబం మీద 2015లో వచ్చిన ఒక ప్రపంచవ్యాప్త సమీక్ష, ఆ కుటుంబంలోని 1922 జాతుల్లో 57 జాతులు తమది కాని దేశాల్లో దురాక్రమణ మొక్కలుగా మారాయని లెక్కతేల్చింది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, స్పెయిన్‌లలో ఈ బెడద ఎక్కువ. దక్షిణాఫ్రికా తన జీవవైవిధ్య చట్టం కింద అదుపులో ఉంచాల్సిన మొక్కల్లో డ్రాగన్ ఫ్రూట్‌ను చేర్చింది. అమెరికాలో దక్షిణ ఫ్లోరిడాలో ఇది తోటలు దాటి చెట్ల మీద తనంతట తానే పెరుగుతోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కూడా పెంపకం దాటి బయట స్థిరపడింది. ఈ చోట్లలో ఒక పోలిక గమనించండి. అది బయటపడిన చోట్లు బట్టబయలు ఎడారులు కావు. వేడి, తేమ, చెట్లు మూడూ ఉన్న చోట్లు.

అదే పోలికను మన నేలకు పెట్టి చూడండి. దాని పుట్టింటికి దగ్గరి వాతావరణం అనంతపురంలో లేదు. తూర్పు కనుమల్లో ఉంది. మారేడుమిల్లి, పాడేరు, చింతపల్లి కొండల్లో కొన్ని నెలలు గట్టి వాన, కొన్ని నెలలు పొడి, పైన ఆకుల నీడ, పాకడానికి చెట్లు, రాళ్ళు, రాత్రిపూట గబ్బిలాలు, చిమ్మటలు. మైదానంలో కష్టపడి బతికే మొక్క అక్కడ సుఖపడుతుంది. అలాంటి మన్యం ప్రాంతాలకూ ఇప్పుడు ఈ సాగు చేరింది. ఎండు నేల మొక్క అని నమ్మినవాళ్ళకు ఈ ప్రమాదం తట్టదు. దానికి పడని చోటనే మన దృష్టి ఉంది. అది నిజంగా ఇష్టపడే చోటును కాపలా లేకుండా వదిలేశాం.

అది పొలం దాటడానికి దారులు రెండు. ఒకటి పండు. ఒక్కో పండులో వేలకొద్దీ సన్నటి నల్లగింజలు ఉంటాయి. పండు పగిలితే పిగిలిపిట్టలు, గోరింకలు, చీమలు, ఉడతలు చేరతాయి. రైతులు వలలు కట్టేది అందుకే. పక్షి మింగిన గింజ మర్రి కొమ్మ సందున రెట్టలో పడితే, ఆ సందు దానికి పుట్టింటిలాంటిదే. రెండోది కొమ్మ. ఏటా కొమ్మలు కత్తిరించాలి, లేకపోతే రింగు మీద బరువు పెరిగి స్తంభం ఒరుగుతుంది. ఆ కత్తిరింపులు ఎక్కడికి పోతున్నాయి? గట్టు మీదికి, కంచె పక్కకు, వాగు ఒడ్డుకు. మామిడి కొమ్మ కోసి పారేస్తే ఎండి పుల్ల అవుతుంది. ఈ కొమ్మ నేల మీద పడి ఉన్నా నెలల తరబడి తన నీటితో బతికి, తేమ తగలగానే వేరు తన్నుతుంది. వాగు పొంగితే కిందికి కొట్టుకుపోయి ఇంకో ఒడ్డున పాతుకుంటుంది.

దీనికి కొందరు ఒక ఎదురుమాట చెబుతారు. ఈ మొక్క మన దేశంలో ఇళ్ళల్లో, ప్రహరీల మీద అందానికి పెంచుతూ చాలా ఏళ్ళుగా ఉంది కదా, ఏం కొంప ముంచింది అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పెరట్లోని పాత మొక్కలు అక్కడొకటి, అక్కడొకటి. చాలా రకాల్లో తన పుప్పొడితో తనకే కాయ పట్టదు. వేరే రకం పుప్పొడి కావాలి. జత లేని మొక్క పూసి రాలిపోతుంది, గింజే ఉండదు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. వేల ఎకరాల్లో, రెండు మూడు రకాలు కలిపి, తన పుప్పొడితోనే కాసే రకాలనే ఎంచుకుని నాటుతున్నాం. గింజల సంఖ్యా కొమ్మల సంఖ్యా వేల రెట్లు పెరుగుతోంది. నిన్నటి మౌనాన్ని చూపించి రేపటికి హామీ ఇవ్వడం కుదరదు. దురాక్రమణ మొక్కల చరిత్రంతా ఇలాగే నడిచింది: ముందు ఏళ్ళ తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా అంతటా అదే కనపడుతుంది.

ఇంకొందరు, పండు తినేది, అమ్ముకునేది, పనికొచ్చే మొక్క పీడ ఎలా అవుతుంది అంటారు. పనికొస్తుందనే కదా మన నేలకు పీడలు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ సైదాపేట దగ్గర నాగజెముడు తోట పెంచాడు. దాని మీద కోచినీల్ పురుగును పెంచి, ఎర్రరంగు తీసి లాభపడాలని కంపెనీ ఆశ. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగు తెచ్చాడు. వచ్చింది మంచి రంగునిచ్చే రకం కాదు. రంగు వ్యాపారం కలగానే మిగిలింది. నాగజెముడు మిగిలింది. కంచెకు పనికొస్తుందని మనవాళ్ళూ నాటారు. పొలాలు, బీళ్ళు, ఊరి పొలిమేరలు అది ఆక్రమించింది. దాని పండు కూడా తినేదే. తినే పండు ఉండటం దాన్ని ఆపలేదు. పిట్టలకు ఆ పండు ఇష్టం కావడమే దాన్ని మోసుకుపోయింది.

సర్కారు తుమ్మ కథ మన గడపలోనే మొదలైంది. వంటచెరకు కొరత తీరుతుందని జమైకా గింజలతో పెంచిన మొక్కలను 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. అది నిజంగానే పనికొచ్చింది. పొయ్యిలోకి కట్టె వచ్చింది, బొగ్గు వచ్చింది, మేకలకు కాయ వచ్చింది. ఆ కాయ తిన్న మేకలే దాన్ని చెరువుల్లోకి, వంకల్లోకి, బీళ్ళలోకి తీసుకెళ్ళాయి. ఇవాళ చెరువు పూడిక తీయాలంటే ముందు సర్కారు తుమ్మ కొట్టాలి. ఆ రోజు నాటినవాళ్ళు దుర్మార్గులు కారు. మొక్క ఎలా నడుస్తుందో అడగకుండా, మొక్క ఏమిస్తుందో మాత్రమే అడిగారు. ఇప్పుడు మనం చేస్తున్నదీ అదే.

డ్రాగన్ ఫ్రూట్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు మరీ ఆశ్చర్యం. నాగజెముడును చివరికి ఆపింది పురుగులే. ఆస్ట్రేలియాలో అది 1920ల నాటికి రెండు కోట్ల హెక్టార్లకు పైగా కమ్ముకుంది. అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మటను 1926లో వదిలితే, దాని గొంగళిపురుగులు ఆరేడేళ్ళలో ఆ దట్టాలను తినేశాయి. మన దక్షిణాదిలోనూ 1926లో సిలోను నుంచి తెచ్చిన కోచినీల్ పురుగు రకం నాగజెముడును అణచింది. ఆ దారి డ్రాగన్ ఫ్రూట్‌కు మూసుకుపోయి ఉంది. అడవిలో దాన్ని తినే పురుగును వదిలితే అది అడవిలో ఆగదు, అప్పుచేసి తోటపెట్టిన రైతు స్తంభాల మీదికి వస్తుంది. వాణిజ్య పంట అడవిలోకి పాకాక దాన్ని వెనక్కి తీయడానికి మనుషుల చేతులు తప్ప వేరే ఉపాయం మిగలదు. చెట్టు చెట్టుకూ ఎక్కి, గాలివేర్లు ఊడదీసి, ప్రతి ముక్కా ఏరి మోసుకొచ్చే పని అది. అంత ఖర్చు ఏ అటవీశాఖ పెడుతుంది?

మన దేశంలో ఇది దురాక్రమణ మొక్క అని ఇంకా ఎవరూ ప్రకటించలేదని గుర్తుచేస్తారు. ఒప్పుకుంటాను. నేనూ అలా ప్రకటించడం లేదు. పాకాక ప్రకటించడం కంటే పాకకముందే జాగ్రత్తపడటం చవక అంటున్నాను. ఆ జాగ్రత్తకు చట్టంలో చోటుంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, వన్యప్రాణులకో వాటి ఆవాసాలకో ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతినీ, వ్యాపారాన్నీ, వ్యాప్తినీ నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఉద్యానశాఖ సబ్సిడీ ఇస్తుంది, అటవీశాఖ అడవి చూస్తుంది. ఈ రెండూ ఒక మొక్క గురించి ఒక బల్ల దగ్గర కూర్చోవాలన్న నియమం మాత్రం లేదు. ఆ లోటు పూడ్చాలి.

తోటలు పీకేయమని నేను అనడం లేదు. అలా అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. పండు మంచిది, పట్టణాల్లో గిరాకీ ఉంది, సరిగ్గా పెంచితే చిన్న రైతుకు ఆదాయమే. తప్పు రైతుది కాదు. అబద్ధం చెప్పి మొక్క అమ్మినవాళ్ళది, ఆ అబద్ధాన్ని సరిదిద్దని శాఖలది. దిద్దుబాటు కూడా వాళ్ళే మొదలుపెట్టాలి.

సబ్సిడీ స్తంభాలకూ రింగులకూ ఇస్తున్నారు. వేసవి 40 డిగ్రీలు దాటే మండలాల్లో షేడ్‌నెట్‌కు, డ్రిప్పుకు కూడా అది అందేలా చూడాలి. వాటికి స్తోమత లేనిచోట ఈ పంటనే ప్రోత్సహించకూడదు. మొక్కలమ్మే ప్రతి నర్సరీ నీరు, నీడ, తెగుళ్ళ గురించి నిజం రాసిన కాగితం రైతు చేతికివ్వాలి. కత్తిరించిన కొమ్మల్ని గట్టున పడేయకుండా లోతైన గుంతలో వేసి పూడ్చడమో, సన్నగా ముక్కలు చేసి వేడెక్కే కుప్పలో కుళ్ళబెట్టడమో ప్రతి తోటలో నియమం కావాలి. పగిలిన పండ్లను చెట్టు మీద వదలకూడదు. రక్షిత అడవుల అంచున, వాగుల గట్ల వెంట కొత్త తోటలకు సబ్సిడీ ఆపాలి. మన్యంలో తోట ఉన్న ఊళ్ళ చుట్టూ ఏటా వానలయ్యాక చెట్ల మీద ఈ తీగ మొలిచిందేమో చూసే పని అక్కడి గిరిజన యువతకు కూలి ఇచ్చి అప్పగించాలి. మొదటి తీగను చేత్తో లాగేయొచ్చు. పదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకు ఆ వీలుండదు.

ఇందులో ఏదీ అసాధ్యం కాదు, ఏదీ కోట్లు ఖర్చయ్యేది కాదు. ముందుగా కావలసింది ఒక్కటే: ఈ మొక్కను ఎడారి మొక్క అని పిలవడం మానేయడం. అడవి తీగ అని ఒప్పుకున్న రోజు రైతు దానికి నీడ వేస్తాడు, అటవీ ఉద్యోగి దానివైపు తలెత్తి చూస్తాడు. ఆ నిజం చెప్పకుండా సాగును 50 వేల హెక్టార్లకు పెంచితే, తోట ఎండిన రైతుకూ, తీగ కమ్మిన కొండకూ సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ లక్ష్యం పెట్టినవాళ్ళే.